ఉమ్మెత్త పేరులోని ఉన్మాదం

వినాయక చవితికి గణపవరం, తాడేపల్లిగూడెం వీధుల్లో అమ్మే పత్రిలో ఉమ్మెత్త కూడా ఉంటుంది. పూజలో దాన్ని దుత్తూర పత్రం అంటారు. వాడుకలో ఉన్న ఉమ్మెత్త అనే పేరు మాత్రం ఆకు రూపాన్నో పువ్వు అందాన్నో చెప్పదు. తిన్నవాడికి ఏమవుతుందో చెబుతుంది. సంస్కృతంలో ఉన్మత్తుడంటే పిచ్చెక్కినవాడు. జన్మ ప్రాకృతంలో జమ్మ అయినట్టే ఉన్మత్త ఉమ్మత్త అయింది; మన ఉమ్మెత్త, తమిళుల ఊమత్తై దానికి దగ్గరి చుట్టాలే. దేశిపదానికే పండితులు సంస్కృత వేషం కట్టి ఉండవచ్చు కదా అనవచ్చు. కానీ ఉన్మత్త శబ్దం మదించడమనే అర్థమున్న ధాతువు నుంచి సూటిగా పుట్టింది. మొక్కతో సంబంధం లేకుండానే వాడుకలో ఉంది. వైద్యమూ దీనికే సాక్ష్యం పలుకుతుంది. ఈ మొక్క నిండా, గింజల్లో మరీనూ, అట్రోపిన్, హయోసయమిన్, స్కోపోలమిన్ ఉంటాయి. అవి ఒంట్లోకి వెళితే నోరు పిడచకట్టుకుపోతుంది, కనుపాపలు విచ్చుకుంటాయి, ఒళ్లు కాలిపోతుంది, మనిషి లేనివి చూస్తూ సంధిమాటలు మాట్లాడతాడు.

అమరకోశం ఈ మొక్కకు ఉన్మత్తతో పాటు కితవ, ధూర్త అనే పేర్లూ ఇచ్చింది. జూదరి, మోసగాడు అని వాటి అర్థాలు. బాటసారుల తిండిలో ఈ గింజలు కలిపి దోచుకునే నేరాల గురించి నార్మన్ చీవర్స్ 1856లో వెలువరించిన వైద్య న్యాయశాస్త్ర గ్రంథం చెబుతుంది. ఆ పేర్ల వెనుక అలాంటి అనుభవమే ఉందని నా నమ్మకం. అయితే ఉమ్మెత్త జాతికి పుట్టిల్లు అమెరికా అని వృక్షశాస్త్రజ్ఞులు చాలామంది అంటారు. అదే నిజమైతే 1492కు ముందు ఇక్కడ ఈ పేరు ఎలా పుట్టిందన్నది గట్టి ప్రశ్నే. అమరకోశం కొలంబస్ కంటే శతాబ్దాల నాటిది. పాత పేరును తర్వాత వచ్చిన మొక్కకు అంటించారనడమూ కుదరదు. అదే కోశంలోని ధత్తూర శబ్దం ఇప్పటికీ ఈ మొక్కనే పట్టుకుని ఉంది, లిన్నేయస్ 1753లో దటూరా అన్నదీ దాన్నే. కొలంబస్ కంటే ముందే ఉమ్మెత్త ఈ వైపు ఉందని 2007లో ఆర్. గీత, ఘరాయిబే అనే పరిశోధకులు ఇలాంటి పాత ఆధారాలతోనే వాదించారు.

ఇంత విషమైతే పూజకెందుకు అనేవారికి ఒకటే జవాబు: అది దేవుడి ముందు పెట్టే ఆకు, నైవేద్యం కాదు. అసలు భయం గింజలతోనే. చూడటానికి అవి మిరప గింజల్లా ఉంటాయి. పత్రిలో కాయలుంటే ముందే తుంచి, పిల్లలకు అందకుండా పారేయాలి.