నేలలోపలి గట్టి పొర

పిల్లలూ! మీరు ఒక మొక్క నాటి, రోజూ నీళ్ళు పోసి, తీరా అది ఎండిపోతే ఏమనుకుంటారు? "నీళ్ళు చాలలేదు కాబోలు" అనుకుంటారు. లేకపోతే "మొక్కే మంచిది కాదు" అనుకుంటారు. నేను కూడా ఒకప్పుడు అలాగే అనుకున్నాను. అలా అనుకుని ఒక పిల్లవాణ్ణి నిష్కారణంగా మందలించాను. ఆ మొక్కలను చంపిన దొంగ ఎవరో నాకు తరువాత తెలిసింది. ఆ దొంగ ఎక్కడో లేడు. మన కాళ్ళ కిందనే, మూరెడు లోతున దాగి ఉన్నాడు!

నేను చిత్తూరు జిల్లాలో ఒక పల్లెటూరి బడికి ప్రధానోపాధ్యాయుడుగా ఉన్న రోజులవి. బడికి కొత్తగా వచ్చిన స్థలం అంతకు ముందు వేరుశనగ చేను. మా వైపు శనక్కాయ చేను అంటాము. ఎన్నో ఏళ్ళుగా మడక దున్నిన నేల. వానలు మొదలు కాగానే అక్కడ అడుగు లోతు గుంటలు తీయించి, ఇరవై వేప, కానుగ మొక్కలు నాటించాను. వాటికి నీళ్ళు పోసే పని బడి పక్కనే ఇల్లున్న ఒక అబ్బాయికి ఒప్పగించాను.

మొదట మొక్కలు బాగానే చిగిర్చాయి. కార్తీకమాసంలో ఈశాన్యపు వానలు పట్టుకుని, మొక్కల మొదళ్ళలో నీళ్ళు నిలిచాయి. సంక్రాంతి నాటికి ఆకులు పసుపుపచ్చ అయ్యాయి. శివరాత్రి దాటేసరికి ఇరవై మొక్కలూ పుల్లల్లా ఎండిపోయాయి.

"నీళ్ళు పోశావా?" అని ఆ అబ్బాయిని అడిగాను.

"పోసినాను సార్. దినామూ పోసినాను" అన్నాడు వాడు.

"పోస్తే ఎందుకు ఎండుతాయిరా? పైగా అబద్ధం కూడానా!" అని అందరి ముందూ గద్దించాను. వాడు మరి మాట్లాడలేదు. తల వంచుకుని నిలబడ్డాడు.

మరుసటి ఏడు మళ్ళీ గుంటలు తీయడానికి ఊళ్ళోనుంచి ఒక ముసలి రైతు వచ్చాడు. ఆయన పాత గుంటలో గడ్డపార వేయగానే ఠంగుమన్నది. ఆయన నన్ను పిలిచి, ఆ గుంటలో బిందెడు నీళ్ళు పోయించాడు. "రేపు పొద్దున వచ్చి చూడండి అయ్యోరూ" అన్నాడు. మరునాడు వెళ్ళి చూస్తే నీళ్ళు చాలావరకు అలాగే ఉన్నాయి!

"ఇది గుంట కాదు అయ్యోరూ, కుండ. కుండలో పెట్టిన చెట్టు ఎన్నాళ్ళు బతుకుతుంది?" అన్నాడు ఆయన.

తరువాత ఆయన ఆ గుంటనే ఇంకా రెండడుగులు తవ్వాడు. అడుగున మొరం తగిలింది. అప్పుడు నీళ్ళు పోస్తే, దాహమైనవాడు తాగినట్లు నేల తాగేసింది.

సంగతి ఏమిటంటారా? మనం నేల అంతా ఒకటే మట్టి అనుకుంటాము. కాని నేల మేడ వంటిది. దానికి అంతస్తులున్నాయి. ఒక గుంట గోడను కత్తితో నున్నగా చెక్కి చూస్తే ఆ అంతస్తులు కంటికి కనిపిస్తాయి.

ఆ రోజు మా గుంటలో కనిపించినవి చెబుతాను. పైన ఆరంగుళాల మేర పైమట్టి ఉన్నది. గడ్డి వేళ్ళు, ఎర్రల బొరియలు, కుళ్ళిన ఆకుల నలుపు దానిలోనే ఉన్నాయి. పంటకు అన్నం పెట్టేది ముఖ్యంగా ఈ అంతస్తే. దాని కింద రెండు మూడంగుళాల మందాన, చపటాగా, పలకలా బిగిసిన పొర ఉన్నది. ఇది మడక అడుగు. దాని కింద సుమారు రెండున్నర అడుగుల వరకు ముదురెరుపు రంగు బంకమట్టి. ఆ కింద సగం అరిగిన రాయి, అంటే మొరం. ఆ కింద అసలు రాయి. ఇలా నేలను పొరలు పొరలుగా చూచి చదవడం ఒక శాస్త్రమని లోకానికి చూపినవాడు రష్యా దేశపు దొకుచాయెవ్. ఆయన తమ దేశంలోని నల్లమట్టి భూములను గురించి వ్రాసిన గ్రంథం 1883లో వెలువడింది.

మన ఎర్రమట్టి ఎక్కడినుంచి వచ్చింది? మీరు తిరుమల ఘాటు రోడ్డు ఎక్కే ఉంటారు. అక్కడ కొండ కోసిన చోట, కింద గ్రానైటు జాతి రాళ్ళు, వాటి మీద పలకలు పేర్చినట్లు క్వార్ట్‌జైటు రాళ్ళు కనిపిస్తాయి. ఆ రెండింటికీ నడుమ సుమారు 80 కోట్ల ఏళ్ళ ఎడం ఉన్నదని భూగర్భ శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. అందుకే దానిని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా కాపాడుతున్నారు. మన పొలాల మట్టి చాలావరకు ఆ కిందనున్న గ్రానైటు జాతి రాళ్ళు ఎండకూ వానకూ అరిగి ఏర్పడినదే. ఆ రాళ్ళలోని ఇనుము తుప్పు పట్టడం చేత మట్టికి ఎరుపు వచ్చింది.

ఇక మట్టిలో ఏమేమి ఉన్నాయో మీరే చూడవచ్చు. ఒక గాజు సీసాలో మూడో వంతు మట్టి వేసి, నిండా నీళ్ళు పోసి, మూత బిగించి బాగా కుదపండి. కదలని చోట పెట్టండి. ఒకటి రెండు నిమిషాలలో అడుగుకు దిగేది ఇసుక. కొన్ని గంటలలో దాని మీద మెత్తగా పేరుకునేది ఒండ్రు. రోజులు గడిచినా నీళ్ళను కలకగా ఉంచేది బంకమన్ను. ఇసుక రేణువు వెడల్పు 2 మిల్లీమీటర్ల నుంచి 0.05 మిల్లీమీటరు దాకా ఉంటుంది. ఒండ్రు రేణువు 0.05 నుంచి 0.002 దాకా. అంతకంటె చిన్నది బంకమన్ను. వేళ్ళ మధ్య నలిపి చూచినా తెలుస్తుంది. ఇసుక గరగరలాడుతుంది. తడి బంకమన్ను అంటుకుంటుంది. ఎండిన ఒండ్రు రాగిపిండిలా జారుతుంది.

మరి ఆ మట్టిలో గట్టి పొర ఎలా పుట్టింది? అది ఇద్దరు చేసిన పని. ఒకరు వాన. వాననీరు దిగుతూ పైమట్టిలోని సన్నని బంకమన్నును తనతో తీసుకుపోయి, కింది అంతస్తులోని రంధ్రాలలో దించుతుంది. వేల ఏళ్ళు ఇలా జరిగితే రంధ్రాలు పూడుకుపోతాయి. రెండోవారు మనమే. ఏటేటా అదే లోతున మడక దున్నితే, మడక కర్రు పైమట్టిని గుల్ల చేస్తుంది, కాని తన అడుగున ఉన్నదాన్ని అదుముతుంది. ఎద్దుల గిట్టలు, నేడు ట్రాక్టరు చక్రాలు దానికి తోడవుతాయి. నేల తడిగా ఉన్నప్పుడు బరువైన ట్రాక్టరు తిరిగితే మరీ ప్రమాదం.

ప్రపంచంలో మరికొన్ని చోట్ల మడకతో పని లేకుండానే ఇటువంటి పొర పుట్టింది. అమెరికాలో మిసిసిపీ నదికి తూర్పున ఉన్న కెంటకీ, టెన్నెసీ, మిసిసిపీ రాష్ట్రాలలో ఒండ్రు నేలలు విస్తారంగా ఉన్నాయి. హిమయుగంలో గాలి ఎగరేసుకొచ్చిన మెత్తని దుమ్మే ఆ ఒండ్రు. అక్కడ చాలా పొలాలలో అడుగున్నర, రెండడుగుల లోతున గట్టి పొర ఉంటుంది. దానిని ఫ్రాజిపాన్ అంటారు. పెళుసు అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి ఆ పేరు వచ్చింది. ఎండినప్పుడు అది రాయిలా ఉంటుంది. తడిగా ఉన్నప్పుడు వేళ్ళతో నొక్కితే సాగదు, పుటుక్కున విరుగుతుంది. దాని పగుళ్ళ వెంట తప్ప వేళ్ళు దిగలేవు. వానాకాలంలో దాని మీద నీళ్ళు నిలుస్తాయి. ఎండాకాలంలో పైరు దాహంతో వాడుతుంది. చూచారా! సముద్రాలకు అవతల కూడా అదే కుండ, అదే కథ.

ఫ్రాజిపాన్‌లో ఒక చిత్రమున్నది. దాని ఎండు గడ్డను నీళ్ళలో వేస్తే చితికిపోతుంది. అంటే దానిని సున్నం వంటి జిగురేదీ గట్టిగా పట్టి ఉంచలేదన్నమాట. రేణువులు సందు లేకుండా ఇరుక్కోవడమే దాని బలం. మీ పొలంలోని గట్టి గడ్డను కూడా ఎండబెట్టి గిన్నెడు నీళ్ళలో వేసి చూడండి. చితికిపోతే, అది ఇరుకుదనం వల్ల గట్టిపడింది. చెక్కు చెదరకపోతే, లోపల సున్నం వంటిదేదో అతికించి ఉంటుంది.

ఇరుకుదనాన్ని లెక్కలో కూడా చెప్పవచ్చు. రంధ్రమన్నది లేకుండా లీటరు డబ్బాలో మట్టి రేణువులను నింపగలిగితే, దాని బరువు సుమారు 2.65 కిలోలు ఉంటుంది. కాని మంచి పొలంలో నేలను కదపకుండా లీటరు ముక్క కోసి ఎండబెట్టి తూస్తే 1.3 కిలోలే తూగుతుంది. అంటే మంచి నేలలో సగం ఖాళీ! ఆ ఖాళీలోనే నీరూ, గాలీ ఉంటాయి. వేళ్ళు నడిచేదీ అందులోనే. గట్టి పొరలో అదే ముక్క 1.75 కిలోలు తూగిందనుకోండి. ఖాళీ మూడో వంతుకు తగ్గిపోయింది. ఆ మిగిలిన రంధ్రాలు కూడా చాలా సన్ననివి.

ఇప్పుడు మా మొక్కలు ఎందుకు చచ్చాయో మీకు తెలిసి ఉంటుంది. మనలాగే వేళ్ళు కూడా గాలి పీలుస్తాయి. కార్తీకపు వానలకు గుంట నిండి, గాలి ఆడక వేళ్ళు కుళ్ళాయి. మిగిలిన నాలుగు వేళ్ళూ కిందికి దిగే దారి లేక పక్కలకు తిరిగాయి. వేసవి వచ్చేసరికి అడుగు లోతు మట్టిలోని తడి ఇట్టే ఆరిపోయింది. కుళ్ళిన వేళ్ళు ఎన్ని నీళ్ళు పోసినా తాగలేవు. ముందు మునిగి, తరువాత ఎండిన మొక్కలవి! ఆ అబ్బాయి చెప్పింది అక్షరాలా నిజం.

ఇరవై మొక్కల సంగతి అలా ఉంచండి. ఒక ఎకరం పొలంలో ఒక్క అంగుళం వాన పడితే, అది లక్ష లీటర్లకు పైనే! మన సీమలో ప్రతి వానా అపురూపం. కాని గట్టి పొర అడ్డుంటే పైమట్టి త్వరగా నిండిపోయి, మిగిలిన నీరంతా మట్టిని కోసుకుంటూ వాగు పాలవుతుంది. తరువాత ఇరవై రోజులు వాన లేకపోతే శనక్కాయ చెట్టు వాలిపోతుంది. నిజానికి శనక్కాయ తల్లివేరు నాలుగడుగుల లోతుకు కూడా దిగగలదు. దారి ఉంటే గదా! పైమట్టి బిగిస్తే మరొక చిక్కున్నది. శనక్కాయ పూలు నేల పైన పూచినా, వాటి ఊడలు మట్టిలోకి దిగితేనే కాయ కాస్తుంది. వాన వెలసి ఎండ కాసినప్పుడు నేల మీద అప్పడంలా పొర కడితే, ఊడలు దిగడం కష్టం. పీకేటప్పుడు కాయలు నేలలోనే తెగి ఉండిపోతాయి. మీరు సంతోషంగా పరిగ ఏరుకునే కాయలు రైతుకు దక్కని కాయలే సుమా!

దీనికి మందు లేకపోలేదు. వేసవిలో నేల ఎండి ఉన్నప్పుడు, కొన్నేళ్ళకొకసారి, లోతుగా చీల్చే ఉలి నాగలితో దున్నితే పొర పగులుతుంది. తడిలో దున్నితే మాత్రం పగలదు, అలికినట్లవుతుంది. రెండో మందు మన పెద్దలకు ఎప్పుడో తెలుసు. శనక్కాయ సాళ్ళ మధ్య కంది సాలు వేయడం. కంది వేరు లోతుకు దిగి సందు చేస్తుంది. అది చచ్చి కుళ్ళిన తరువాత ఆ సందే నీటికీ, మరుసటి పైరుకూ దారి. కెంటకీ విశ్వవిద్యాలయం వారు కూడా రై గడ్డి వేళ్ళతో ఫ్రాజిపాన్‌ను మెత్తబరచవచ్చునని పరిశోధించారు. మూడోది పశువుల ఎరువు, చెరువు మట్టి. చెరువులో పేరుకున్న ఒండ్రూ బంకమన్నూ ఇసుకపాలు ఎక్కువైన ఎర్రనేలకు తేమ పట్టే గుణమిస్తాయి. అయితే, కింది పొరను పగలగొట్టకుండా పైన ఎంత చెరువు మట్టి తోలినా పని సగమే.

మీ పొలంలో దొంగ ఉన్నాడో లేడో కనిపెట్టడం సులభం. మంచి వాన కురిసిన మరునాడు, మీ నాయనతోనో తాతతోనో కలిసి, మూరన్నర పొడవుగల సన్నని ఇనుప ఊచను నేలలో గుచ్చండి. మెత్తగా దిగుతూ దిగుతూ, ఒకే లోతున, పదిచోట్లా ఆగిపోయిందా? అక్కడే ఉన్నాడు దొంగ. ఒక చోటే ఆగితే అది రాయి కావచ్చు. ఆ తరువాత పెద్దలచేత ఒక గుంట తీయించి పొరలు చూడండి. ఒంటరిగా లోతు గుంటలు తవ్వకండి. చూడటం కాగానే పూడ్చివేయండి.

మా బడి కథ చివర చెప్పాలి గదా. ఆ రెండో ఏడు ప్రతి గుంటనూ మొరం తగిలే దాకా తవ్వించి, చెరువు మట్టీ పశువుల ఎరువూ కలిపి నింపించాను. మొక్కలు నాటే రోజున పిల్లలందరినీ పిలిచి, "నిరుడు మొక్కలు ఎండిపోవడంలో వీడి తప్పు లేదు. మట్టిని పైపైన చూచి తీర్పు చెప్పిన నాది తప్పు" అన్నాను. మొదటి మొక్కను ఆ అబ్బాయి చేతనే నాటించాను. వాడు నవ్వుతూ, గుంటలో ఒక చెంబు నీళ్ళు పోసి, అవి ఇంకేదాకా వంగి చూచి, ఆ తరువాతనే మొక్క పెట్టాడు.

ఆ వేపచెట్టు కింద ఇప్పుడు ఒక తరగతి పిల్లలంతా కూర్చోవచ్చు.