స్వీడను, ఫ్రాన్సు దేశముల కార్మిక సంఘములు : సభ్యత్వ తారతమ్యము

ఒక సంఘము బలమెంతయని యెవరైన నడిగినచో మనము ముందుగా సభ్యుల పట్టికను జూతుము. పేరులు హెచ్చుగా నున్న బలము గలదనియు, కొలదిగా నున్న బలము లేదనియు తలంతుము. ఈ లెక్క యెంతవఱకు సరియైనదో యూరపు ఖండమందలి రెండు దేశముల కార్మిక సంఘములను పోల్చి చూచినచో తెలియగలదు.

స్వీడను దేశమున పనివాండ్రు నూర్గురిలో 65 మొదలు 70 మంది వఱకు ఏదో యొక కార్మిక సంఘమున సభ్యులు. ఫ్రాన్సు దేశమున నట్టివారు నూటికి పదిమంది మాత్రమే. రెండును ధనిక దేశములే. రెంటను పరిశ్రమలు వర్ధిల్లినవే. మఱి యింతటి వ్యత్యాసమునకు కారణమేమి?

ఫ్రాన్సు పనివాండ్రకు సంఘములయెడ నభిమానము లేదని తలంపరాదు. అచ్చట 1791లో సంఘములను నిషేధించుచు శాసనము పుట్టినది. 1884లో గాని వానికి శాసనసమ్మతి లభింపలేదు. ఐనను 1936లో దేశమంతట గొప్ప సమ్మెలు జరిపి, వారమునకు 40 గంటల పనియు, ఏటికి రెండు వారముల జీతముతోడి సెలవును ఆ పనివాండ్రు సాధించిరి.

కారణమంతయు ఏర్పాటులో నున్నది. ఫ్రాన్సులో ఒక వృత్తికి సంబంధించిన సంఘములును యజమానులును చేసికొన్న ఒడంబడికను ప్రభుత్వము ఆ వృత్తిలోని వారందఱకు వర్తింపజేయవచ్చును. ఈ పద్ధతి 1936 నుండి వచ్చుచున్నది. దానివలన పనివాండ్రలో దాదాపు అందఱును ఏదో యొక ఒడంబడిక క్రిందనే యున్నారు. పనిచోట ప్రతినిధుల నెన్నుకొనుటకు సభ్యులు కానివారికిని వోటు గలదు. చందా కట్టినవానికిని కట్టనివానికిని దక్కు ఫల మొక్కటియే యైనపుడు చందా కట్టువా రెందఱుందురు? పైగా పెక్కు సంఘములు ఒకదానితో నొకటి పోటీపడుచుండును.

స్వీడనులో కనీస వేతన శాసనము లేదు. కూలి రేటులను సంఘములును యజమానులును కూర్చుండి నిర్ణయించుకొందురు. 1938లో ఉభయపక్షములును చేసికొన్న గొప్ప ఒడంబడిక యీ యాచారమునకు పునాది. అంతకంటె ముఖ్యమైనది నిరుద్యోగ సహాయ నిధి. బెల్జియము దేశమందలి ఘెంటు పట్టణమున 1901లో ఆరంభమైన పద్ధతి ననుసరించి, సంఘములు నడపు నిధులకు స్వీడను ప్రభుత్వము 1934లో ధనసహాయము చేయ నిర్ణయించెను. పని పోయిన దినమున భృతి నిచ్చునది తన సంఘపు నిధియే యని పనివాడు తలంచెను. నిధిలో మాత్రమే చేరుటకు వీలున్నను, పెక్కుమంది రెంటను చేరిరి.

ఈ కట్టుబాటు బలము 2007లో పరీక్షకు వచ్చినది. ఆ యేట ప్రభుత్వము నిధి రుసుములు మిక్కిలి హెచ్చునట్లు చేసి, చందాపై నున్న పన్ను మినహాయింపును తీసివైచెను. పిదప 2008లో నిరుద్యోగము హెచ్చుగా నున్న వృత్తులవారికి రుసుము మఱింత హెచ్చునట్లు నిబంధన యేర్పడినది. సహాయ మెవరి కెక్కువ యవసరమో వారికే భారము పెరిగినది. 2006లో నూటికి 77గా నున్న సభ్యత్వము 2008 నాటికి 71కి దిగినది. 2014లో ఆ హెచ్చు రుసుములు రద్దయ్యెను. కాని విడిచిపోయినవారందఱు మరలి రాలేదు. సంఘము విడుచుట యొక దినపు పని. మరల చేర్చుట యేండ్ల పని.

ఇక పట్టిక చిన్నదైన ఫ్రాన్సు మాట. 2023లో పింఛను వయస్సును 62 నుండి 64కు పెంచబూనినపుడు ఎనిమిది సంఘములు పోటీ మాని యొక్కటయ్యెను. పట్టికలలో పేరు లేనివారు గూడ లక్షల సంఖ్యలో వీథులకు వచ్చిరి. ఐనను ఆ యేప్రిలులో శాసనము ప్రకటింపబడినది. పిలిచినంతనే వచ్చు జనమును, నెలనెల చందా కట్టు సభ్యులును ఒకటి కారు. మొదటిది పండుగనాటి బలము, రెండవది నిత్యబలము.

కావున పట్టికలోని సంఖ్యను మాత్రమే చూచి మురియుటయు, కుములుటయు తగదు. ఆ పేరు పట్టికలో నేల యున్నదో విచారింపవలయును. లాభము కొఱకే చేరినవాడు రుసుము పెరుగగానే పోవును. లాభ మూరకే దక్కినవాడు చేరనే చేరడు. సంఘము తనదని యెఱింగినవాడు మాత్రము కష్టకాలమునను నిలుచును. స్వీడనులో హెచ్చు రుసుము కట్టియు నిలిచినవారి వలననే నేటికిని ఆ దేశము సభ్యత్వమున ముందున్న దేశములలో నొకటియై యున్నది. సహకార సంఘ సభ్యులమైన మనము గూడ మహాజనసభకు పోవునపుడు, మన పేరు పట్టికలో నేల యున్నదో యొకసారి తలంచుకొనుట మంచిది.