షరతులు వర్తిస్తాయి: విమాన టికెట్టు, చిన్న అక్షరాలు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సారు ఫోన్ చేసినప్పుడు, తమ్ముళ్లకు ఎప్పుడో ఒకప్పుడు అక్కరకొచ్చే సంగతి రాస్తానని మాటిచ్చాను. ఆళ్లగడ్డ హాస్టల్లో ఐదేళ్లు, నంద్యాల కాలేజీ హాస్టల్లో ఐదేళ్లు ఉన్నాను. మా ఇంట్లో డిగ్రీ పట్టా తీసుకున్న మొదటివాణ్ణి నేనే, విమానం ఎక్కిన మొదటివాణ్ణీ నేనే. పట్టా సంగతి అందరూ అడిగారు, విమానం సంగతి ఇప్పుడు చెబుతాను.

ఎం.ఏ. ఎకనామిక్స్ పూర్తయ్యాక ఢిల్లీలో పిహెచ్.డి. ఇంటర్వ్యూకు పిలుపొచ్చింది. మధ్యలో ఉన్నది తొమ్మిది రోజులే, రైళ్లన్నీ వెయిటింగ్ లిస్టు. మా నాయన అప్పు తెచ్చిచ్చిన డబ్బుతో హైదరాబాదు నుంచి ఢిల్లీకి ఒక టికెట్ల వెబ్‌సైటులో కొన్నాను. ఆ సైటునే ఎందుకు నమ్మానంటే, "ఇంతకన్నా తక్కువ ధర ఎక్కడైనా చూపిస్తే తేడా వాపసు" అని పెద్ద అక్షరాల్లో రాసి ఉంది. పక్కనే ఒక చుక్క గుర్తు కూడా ఉంది. దాన్ని నేను చూడలేదు.

అదే సాయంత్రం నా రూమ్మేటు అదే విమానాన్ని విమాన సంస్థ సొంత సైటులో 900 రూపాయలు తక్కువకు చూపించాడు. మా ఊర్లో అది రెండు రోజుల కూలి. సంబరంగా స్క్రీన్‌షాట్ తీసి పంపాను. మూడో రోజు జవాబొచ్చింది: మీరు చూపింది "అదే టికెట్టు" కాదు. నాది 15 కిలోల లగేజీతో కలిపిన ధర, అది చేతిసంచికి మాత్రమే. పైగా నా స్క్రీన్‌షాట్‌లో పన్నులతో కలిపిన చివరి మొత్తం కనబడలేదట. అన్నీ సరిపోయినా డబ్బు చేతికి రాదు, ఆరు నెలల్లో ఇంకో ప్రయాణానికి వాడుకునే కూపన్ ఇస్తారు. ఈ మాట చెబితే మా నాయన, "మల్లా ఎప్పుడెక్కుతావురా ఇమానం?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

అప్పుడు కూర్చుని ఆ చిన్న అక్షరాలు చదివాను. ఇలాంటి హామీలు ప్రపంచమంతటా ఉన్నాయి, వాటి షరతులు ఇంచుమించు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. అదే తేదీ, అదే విమానం, అదే తరగతి, అదే లగేజీ, అదే రద్దు నిబంధన ఉండాలి. తక్కువ ధర అందరికీ దొరికేదై ఉండాలి. బ్యాంకు కార్డు తగ్గింపు, విద్యార్థి రాయితీ లెక్కలోకి రావు. గడువు ఒక రోజు. తేడా మరీ చిన్నదైతే ఒప్పుకోరు. అమెరికాలోని డెల్టా సంస్థ పెట్టిన హామీలో 24 గంటల గడువు, కనీసం 10 డాలర్ల తేడా అనే షరతులుండేవి.

అన్నిటికన్నా బరువైన మాట "అదే". ఒక విమానంలో ఒకే వరుసలో కూర్చున్న ముగ్గురు మూడు ధరలు కట్టి ఉండవచ్చు. కంపెనీ సీట్లను రకరకాల ధరల గుంపులుగా విడగొట్టి, చవక గుంపు అయిపోగానే తర్వాతిది తెరుస్తుంది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1985లో పెద్ద ఎత్తున మొదలుపెట్టిన ఈ పద్ధతిని ఇప్పుడు అందరూ పాటిస్తున్నారు. కనుక మీరు ఫిర్యాదు పంపేసరికి ఆ చవక సీటు అమ్ముడైపోతే, వాళ్లు తనిఖీ చేసినప్పుడు అది కనబడదు. అబద్ధమాడింది మీరే అన్నట్టు అవుతుంది!

ఇక మా సబ్జెక్టు సంగతి ఒకటి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. నంద్యాల బజారులో ఎదురెదురుగా రెండు బియ్యం అంగళ్లు ఉన్నాయనుకోండి. మొదటాయన "ఎదుటి అంగడి ధర తక్కువైతే తేడా నేనిస్తా" అని బోర్డు పెట్టాడు. ఇప్పుడు రెండో ఆయన మూటకు 20 రూపాయలు తగ్గిస్తే ఏమొస్తుంది? మొదటాయన ఖాతాదార్లు అక్కడే ఉండి 20 రూపాయలు తీసుకుంటారు. తగ్గించినాయనకు కొత్త బేరం రాదు, ఉన్న లాభం పోతుంది. కాబట్టి తగ్గించడు. మనకు మేలుచేసే బోర్డులా కనబడేది ఇద్దరి ధరలూ దిగకుండా కాపలా కాయగలదు. స్టీవెన్ శాలప్ అనే అమెరికన్ ఆర్థికవేత్త 1986లోనే దీన్ని వివరించాడు.

"మన ఓర్వకల్లులోనే ఇమానాలు ఉండాయి గదా, హైదరాబాదు దాకా ఎందుకు?" అని కూడా మా నాయన అడిగాడు. నంద్యాల నుంచి కర్నూలు బస్సులో పోయేవాళ్లకు ఆ విమానాశ్రయం తెలుసు. మన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. 2021 మార్చి 28న అక్కడి నుంచి బెంగళూరు, విశాఖ, చెన్నైలకు విమానాలు మొదలయ్యాయి, ఢిల్లీకి కాదు. అవి ఉడాన్ పథకం కింద వచ్చాయి. 2016లో ఆ పథకం ప్రకటించినప్పుడు గంట ప్రయాణానికి 2,500 రూపాయలన్నది పెద్ద అక్షరం. ఆ ధర దాదాపు సగం సీట్లకే, నష్టాన్ని ప్రభుత్వం పూడ్చేది మూడేళ్లే అన్నవి చిన్న అక్షరాలు. 2017 ఏప్రిల్ 27న కడప–హైదరాబాదు సర్వీసుకు సాక్షాత్తూ ప్రధానమంత్రి జెండా ఊపారు. దాన్ని నడిపిన ట్రూజెట్ 2022 ఫిబ్రవరిలో మొత్తానికే ఆగిపోయింది. 2023 నాటి కాగ్ నివేదిక చూస్తే, పథకం మొదటి మూడు విడతల్లో కేటాయించిన 774 మార్గాల్లో 403 అసలు మొదలే కాలేదు. మూడేళ్లు పూర్తిచేసినవి 112, ఆ తర్వాత కూడా 2023 మార్చికి నడుస్తున్నవి 54.

"ఆకాశం నీ హద్దురా" సినిమా చూసినవాళ్లకు ఎయిర్ డెక్కన్ గోపీనాథ్ కథ తెలుసు. ఆయన రూపాయి టికెట్టు నిజమే, కానీ పన్నులు వేరు, సీట్లు కొన్నే. అయినా ఆయన మీద నాకు గౌరవం తగ్గలేదు.

హామీ కన్నా గట్టివి ప్రభుత్వ నిబంధనలు. డి.జి.సి.ఏ. అమలుచేసిన వాటిలో ఒకటి: ప్రయాణానికి ఏడు రోజులకు పైగా ఉన్నప్పుడు, విమాన సంస్థ సైటులోనే కొన్న టికెట్టును 24 గంటల్లోపు రుసుము లేకుండా రద్దు చేసుకునే వీలుండేది. ఈ గడువును సవరిస్తుంటారు, కొనే రోజున చూసుకోండి. నాకు తొమ్మిది రోజులుండె. నేరుగా కొని ఉంటే ఎవర్నీ బతిమాలకుండా పాతది రద్దుచేసి, చవకది కొనుక్కునేవాణ్ణి. రెండోది: "వాపసు లేదు" అని రాసిన టికెట్టు రద్దు చేసినా, విమానం ఎక్కకపోయినా, పన్నులు, విమానాశ్రయ రుసుములు తిరిగివ్వాలి. చాలామంది అడగరు. అడిగినా ఇవ్వకపోతే కేంద్రప్రభుత్వ ఎయిర్‌సేవా పోర్టల్ ఉంది, వినియోగదారుల సహాయవాణి 1915 ఉంది, అందులో తెలుగులోనే మాట్లాడవచ్చు. మీరు అడగకుండానే ఇన్సూరెన్సుకు టిక్ పెట్టి ఉంటే తీసేయండి. అలా చేయడం 2023 నవంబరు నుంచి నిషేధం.

ఇంటర్వ్యూ ఫలితం ఇంకా రాలేదు. మీలో ఎవరికైనా ఇలాంటి పిలుపొస్తే, డబ్బు కట్టే ముందు ఒకసారి నాకు ఫోన్ చేయండి. నెంబరు వార్డెన్ సారు దగ్గర ఉంది.