కషాయం, చూర్ణం వాడుతున్నారా? డాక్టర్‌కు తప్పక చెప్పాల్సిన రెండు విషయాలు

అనంతపురంలో ఏ ఆస్పత్రి ఓపీకి వెళ్లినా డాక్టర్ అడిగే మాట ఒకటుంది. "ఏం మందులు వాడుతున్నారు?" చాలామంది బీపీ, షుగర్ బిళ్లల పేర్లు చెప్పి ఆపేస్తారు. పొద్దున్నే తాగే కాకర రసం, మోకాళ్ల నొప్పులకు సంతలో కొన్న చూర్ణం, కామెర్లకు ఊళ్లో తాగిన పసరు లెక్కలోకి రావు. అవి మందులు కావన్నది మన లెక్క. శరీరానికి మాత్రం ఆ తేడా తెలియదు.

చెప్పకుండా వదిలేసే రెండో విషయం కూడా ఉంది. ఇంట్లో ఎవరికైనా ఒక మందు పడకపోయిన సంగతి. ఈ రెండూ ఎందుకు ముఖ్యమో చూద్దాం.

ఆకు మందు, ఇంగ్లిష్ మందు కలిస్తే ఏమవుతుంది?

మనం మింగే మందుల్లో చాలావాటిని కాలేయంలోని ఎంజైములు విరగ్గొట్టి బయటకు పంపుతాయి. కొన్ని మూలికలు ఆ ఎంజైముల పనిని తగ్గిస్తాయి, మరికొన్ని పెంచుతాయి. దాంతో అదే బిళ్ల మోతాదు ఎక్కువైనట్టో, తక్కువైనట్టో అవుతుంది.

మిరియాలు, పిప్పళ్లలో ఉండే పైపరిన్ ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్ మందు స్థాయిని రక్తంలో పెంచుతుంది. అతిమధురం ఎక్కువ రోజులు వాడితే పొటాషియం తగ్గి బీపీ పెరగొచ్చు. షుగర్ బిళ్లలతో పాటు కాకర రసం తాగితే షుగర్ మరీ పడిపోయే ప్రమాదముంది. రక్తం పలుచబడే మందులు వాడేవారు పసుపు క్యాప్సూల్స్ తీసుకుంటే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ఇక్కడ చెబుతున్నది కూరలో వేసే చిటికెడు పసుపు గురించి కాదు, క్యాప్సూళ్లు, గాఢమైన రసాల గురించి.

కొవిడ్ రోజుల్లో రోగనిరోధక శక్తి కోసం చాలామంది తిప్పతీగ వాడారు. అలా వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిన్నట్టు ముంబయి వైద్యులు 2021లో ప్రచురించారు. అది తిప్పతీగను పోలిన వేరే మొక్క వల్ల కావొచ్చని ఆయుష్ శాఖ అంది. ఏది నిజమైనా జాగ్రత్త ఒక్కటే: తీసుకుంటున్నది ఏ మొక్కో, ఎంతో తెలియకుండా వాడకూడదు.

చూర్ణంలో ఇంకేం ఉండొచ్చు?

అనంతపురం జిల్లాలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ పాత సమస్య. 1990ల్లో సత్యసాయి తాగునీటి పథకం వచ్చిందీ ఈ కష్టం చూసే. ఫ్లోరైడ్‌తో కీళ్లు బిగుసుకుని బాధపడేవారు నొప్పి తగ్గితే చాలని ఏ పొడి ఇచ్చినా తీసుకుంటారు. పేరు లేని పొట్లాల్లో కొన్నిసార్లు స్టెరాయిడ్లు కలుపుతారు. ఏళ్ల నాటి నొప్పి రెండు రోజుల్లో మాయమైతే సంతోషించే ముందు అనుమానించాలి. స్టెరాయిడ్ అని తెలిశాక ఒక్కసారిగా మానేయడమూ ప్రమాదమే. డాక్టర్ సలహాతో మెల్లగా తగ్గించాలి.

ప్రమాణాలు పాటించకుండా చేసిన మందుల్లో సీసం, పాదరసం ఉండొచ్చు. అందుకే డబ్బా మీద లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ చూడాలి. షుగర్‌ను పూర్తిగా నయం చేస్తామని ప్రకటన ఇవ్వడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం.

ఒకే మందు అందరికీ ఒకేలా పనిచేయదా?

చేయదు. జన్యువులను బట్టి మందును, మోతాదును ఎంచుకోవడం ప్రెసిషన్ మెడిసిన్‌లో ఒక ముఖ్యమైన భాగం. గుండెలో స్టెంట్ వేశాక ఇచ్చే క్లోపిడోగ్రెల్‌ను కాలేయంలోని ఒక ఎంజైమే పనిచేసే మందుగా మారుస్తుంది. ఆ ఎంజైమ్ బలహీనంగా ఉన్నవారికి బిళ్ల వేసుకున్నా పూర్తి రక్షణ దొరకదు.

మన దగ్గరే ఇంకో ఉదాహరణ ఉంది. ఆపరేషన్‌లో శ్వాసగొట్టం వేయడానికి కండరాలను వదులు చేసే సక్సినైల్‌కోలిన్ ఇంజెక్షన్ వాడతారు. దాని ప్రభావం మామూలుగా కొద్ది నిమిషాల్లో పోతుంది. దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ పుట్టుకతోనే లోపించిన వారిలో మాత్రం గంటల తరబడి ఉంటుంది. అంతసేపూ వారు సొంతంగా ఊపిరి తీసుకోలేరు, వెంటిలేటర్ కావాలి. ఈ లోపం వైశ్యుల్లో మిగతా వారికంటే సుమారు వంద రెట్లు ఎక్కువని హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న 2017 నాటి అధ్యయనం చెప్పింది.

ఇది రోజువారీ జీవితంలో బయటపడే జబ్బు కాదు. తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకోవడంతో పాత పూర్వీకుల జన్యుమార్పు నిలిచిపోయింది. ఇలాంటి వేరే మార్పులు ఇతర సమాజాల్లోనూ ఉండొచ్చు. ముందే తెలిస్తే మత్తు డాక్టర్ వేరే మందు వాడతారు. ఖరీదైన జన్యు పరీక్ష లేకుండానే మామూలు రక్తపరీక్షతో ఈ ఎంజైమ్ స్థాయి తెలుసుకోవచ్చు.

ఇప్పుడు మనం ఏం చేయాలి?

• వాడుతున్న ప్రతి చూర్ణం, కషాయం, క్యాప్సూల్ డబ్బాను డాక్టర్‌కు చూపించండి. కనీసం ఫోన్‌లో ఫొటో తీసుకెళ్లండి.
• ఆపరేషన్ ఉంటే మూలికల మందులు ఎన్ని రోజుల ముందు ఆపాలో అడగండి.
• ఇంట్లో ఎవరికైనా మత్తు ఇచ్చాక ఆలస్యంగా తెలివి వచ్చినా, ఊపిరి అందకపోయినా, ఏదైనా మందు పడకపోయినా తప్పక చెప్పండి.
• నాటు మందు మొదలుపెట్టామని బీపీ, షుగర్, ఫిట్స్ బిళ్లలు సొంతంగా ఆపొద్దు.
• కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం, ఒంటి మీద దద్దుర్లు కనిపిస్తే కొత్తగా మొదలుపెట్టిన మూలిక మందు ఆపి వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.
• మందుల దుష్ప్రభావాలపై 1800-180-3024 టోల్‌ఫ్రీ నంబరుకు రోగులే నేరుగా ఫిర్యాదు చేయొచ్చు.

"నాటు మందు వాడానంటే డాక్టర్ తిడతారేమో" అన్న మొహమాటం చాలామందికి ఉంటుంది. తిట్టినా ఒక్క నిమిషమే. చెప్పకపోతే వచ్చే ఇబ్బంది ఆపరేషన్ బల్ల మీద తెలుస్తుంది.