చెవికందు చిట్టా: స్ప్రెడ్‌షీటును అందరికి అందుబాటు చేయు విధము

కృష్ణగిరి జిల్లా డెంకణికోట తాలూకాలో తెలుగు, తమిళము, కన్నడము మూడును ఒకే సంతలో వినవచ్చును. లెక్క వ్రాయుట యీ సీమకు క్రొత్త విద్య కాదు. 1792లో బారామహలు ఈస్టిండియా కంపెనీ వశమైన పిదప అలెగ్జాండరు రీడు, అతని సహాయకుడు థామస్ మన్రో పొలము పొలమునకు కొలతయు శిస్తును వ్రాయించి రైతువారీ పద్ధతికి పునాది వేసిరి. హోసూరు, డెంకణికోట భాగము 1799లో మైసూరు యుద్ధానంతరము కంపెనీకి చేరినది. తమిళనాట కరణముల ఉద్యోగము 1980లో రద్దయినను, చిట్టా, అడంగలు అను మాటలు నేటికిని వాడుకలో నున్నవి.

చదువురాని రైతునకు లెక్క వినిపించువాడు రెండు, పది, నలువది అని అంకెలు మాత్రమే చదివినచో ఏమి తెలియును? సర్వే నెంబరు ఇది, విస్తీర్ణమింత, శిస్తింత అని ప్రతి యంకెకును దాని పేరు చేర్చి చెప్పవలెను. చూపులేనివారికి స్ప్రెడ్‌షీటును అందుబాటు చేయుట యనగా ముఖ్యముగా ఇదియే.

1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అనువారు వెలువరించిన విసికాల్క్ మొదలు నేటి ఎక్సెల్ వఱకు ఈ పట్టికలన్నియు కంటిని నమ్ముకొని పుట్టినవే. కన్ను ఒక గడిని చూచునపుడే పైనున్న శీర్షికను, ఎడమనున్న పేరును కూడ పట్టుకొనును. తెరపై నున్నదానిని చదివి వినిపించు స్క్రీన్ రీడరు ఒక్కొక్క తడవ ఒక్క గడినే పలుకును. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ 2006లో ప్రారంభింపగా, జేమ్స్ టే తోడ్పాటుతో పెరిగిన ఎన్.వి.డి.ఎ. అట్టిది. ఇరువురును అంధులే, దానిని ఉచితముగా పొందవచ్చును. తెలుగు, తమిళములను గూడ అది పలుకగలదు.

కావున పట్టిక వ్రాయువాడు శీర్షికలకు ఒకే వరుస నుంచి, దానిని శీర్షికల వరుసగా కంప్యూటరుకు తెలుపవలెను. అక్షరములను లావుచేసి రంగు పూసినంతమాత్రమున అది శీర్షిక కాదు. అందము కొఱకు గడులను కలిపివేయుట, నడుమ ఖాళీ వరుసలు విడుచుట మన కార్యాలయములలో విరివిగా గల అలవాటు. కలిపిన గడి యొద్ద వినువాడు తానే నిలువు వరుసలో నున్నాడో మఱచును. ఖాళీ వరుస తగులగానే లెక్క ముగిసినదని తలచును. మొదటి గడిలోనే పట్టిక దేనిని గూర్చినదో ఒక వాక్యము వ్రాసిన ఎంతయో మేలు, ఏలయన వినుట సాధారణముగా అచ్చటనే ప్రారంభమగును.

వీనికంటె ప్రమాదకరమైన దొకటి కలదు. ఒక పల్లెలోని పాల సంఘపు లెక్కను ఊహింపుడు. సంఘము సభ్యునకు ఇయ్యవలసిన సొమ్ము నల్లని అంకెలతోను, సభ్యుడు సంఘమునకు బాకీపడినది ఎఱ్ఱని అంకెలతోను చూపబడినవి. ఋణచిహ్నము వేయలేదు, ఎక్సెల్‌లో అట్టి అమరిక కలదు. కార్యదర్శి అంధుడైనచో 1,250 అని మాత్రమే వినును. బాకీపడినవానికే ఆ సొమ్ము చెల్లించినచో సంఘమునకు తేడా 2,500 రూపాయలు. దోషము పట్టికది, నింద కార్యదర్శిది! ఎఱుపు, ఆకుపచ్చల భేదము తెలియని వర్ణాంధులకును ఇట్టి చిక్కే కలుగును. ఋణచిహ్నమో, "బాకీ" అను మాటయో చేర్చిన చాలును.

డెంకణికోట వంటి బహుభాషా ప్రాంతమున మఱియొక చిక్కు కలదు. తెలుగు, తమిళ లిపులు 1991 నాటి తొలి యూనికోడ్‌లోనే చేరినను, పాత ఖతులలో టైపు చేసిన పత్రములు నేటికిని తిరుగుచున్నవి. వానిలో కంటికి కనబడునది తెలుగే. లోపల నిలిచియున్నవి ఇంగ్లీషు అక్షరములు, గుర్తులు. కనుక "వెంకటమ్మ" అను పేరు వినువానికి అర్థములేని అక్షరముల గలగలగా వినబడును. శీర్షిక లెంత చక్కగా అమర్చినను అంతయు వ్యర్థము. ఆ పేర్లను యూనికోడ్‌లోనికి మార్చుటకంటె వేఱు మార్గము లేదు.

చూపు మందగించినవారు తెరను మూడు నాలుగింతలు పెద్దది చేసికొందురు. అప్పుడు కదలకుండ బిగించిన శీర్షికలే తెరనంతయు ఆక్రమించి, లెక్కకు చోటు మిగులదు. బిగించు వరుసలు ఒకటి రెంటికి మించరాదు. మౌస్ పట్టలేనివారికి పని యంతయు కీబోర్డుతో జరుగవలెను. రేఖాచిత్రమున కొక వివరణ వాక్యము జతచేయవలెను.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 42వ విభాగమున, ఎలక్ట్రానిక్ సమాచారమంతయు అందుబాటు రూపమున నుండునట్లు చూచుట ప్రభుత్వముల విధి యనియున్నది. ఆ చట్టము క్రింది నియమములు కేవలము సలహాలుగా నున్నవని సుప్రీంకోర్టు 2024 నవంబరులో ఆక్షేపించి, తప్పనిసరి నియమములు చేయుమని కేంద్రమును ఆదేశించినది.

ఎక్సెల్‌లో సమీక్ష అను పట్టీ క్రింద అందుబాటును పరీక్షించు సాధన మొకటి కలదు. కలిపిన గడులను, వివరణలేని చిత్రములను అది చూపును. పాత ఖతిలోని పేరును మాత్రము అది పట్టజాలదు. అందులకు తెర నార్పి, బాణపు మీటలతో గడి గడికి నడచుచు, వినబడినది వినబడినట్లు కాగితముపై వ్రాసికొని సరిచూడవలెను. పట్టిక చిన్నదైనచో పది నిమిషముల పని.