కొయ్యదిమ్మపై వన్నెలు

గోదావరీతీరస్థమగు నాందేడు నిజాము రాజ్యమున నున్న దినములలో, ఉర్దూ గ్రంథములు పెక్కులు రాతి అచ్చుననే వెలువడుచుండెను. ఏలనన, లేఖకుని కలము తీర్చిన నస్తాలీఖు లిపి వంపులను రాయి యథాతథముగ కాగితమున కెక్కించును, సీసపు అక్షరముల కవి లొంగవు. బొంబాయి, పూనాల నుండి వచ్చు మరాఠీ పోతీలలో సైతము రాతి అచ్చువి కొల్లలు. విక్టోరియా రాణి నాటి లండనులో చిక్కు వేరు: సీసపు అక్షరములు సిద్ధముగనే యున్నవి, వాని సరసన, అదే పుటలో, రంగుల బొమ్మ నిలుచు టెట్లు?

దానికి దారి చూపినది బాక్సువుడ్డను గట్టి కొయ్య. మానును నిలువునగాక అడ్డముగ కోసి, ఆ ముఖముపై సన్నని ఉలితో చెక్కు పద్ధతిని 18వ శతాబ్దాంతమున థామస్ బ్యూయిక్ ప్రసిద్ధికి తెచ్చెను. చెక్కినచోట కాగితము తెల్లగ మిగులును. మిగిలిన గట్టు సిరా పట్టును. దిమ్మ అక్షరములంత ఎత్తే గనుక, పద్యమును చిత్రమును ఒకే చట్రమున బిగించి ఒక్క మారే అచ్చొత్తవచ్చును. ఆ మాను సన్ననిది. పెద్ద బొమ్మ కావలసినచో చిన్న ముక్కలను బోల్టులతో కూర్చెడివారు.

ఈ దిమ్మకు రంగులు నేర్పిన వారిలో అగ్రగణ్యుడు 1826లో లండనులోని సదర్క్‌న జన్మించిన ఎడ్మండ్ ఇవాన్స్. బర్కెట్ ఫోస్టర్ చిత్రములతో ఆయన 1859లో ముద్రించిన గోల్డ్‌స్మిత్ పద్యసంపుటి నేటికిని ముద్రణప్రియులు వెదకి చూచునది. మొదట గీతల దిమ్మ నచ్చొత్తి, ఆ ప్రతిపై చిత్రకారునిచే రంగులు వేయించి, వానిని ఎంత తక్కువ దిమ్మలతో సాధింపవచ్చునో ఆయన నిర్ణయించును. రంగున కొక దిమ్మ, దిమ్మ కొక మారు ముద్రణ. పసుపు గీతలపై నీలిగీతలు పడినచోట ప్రత్యేకదిమ్మ లేకయే పచ్చదనము పుట్టును. దిమ్మ వెంట్రుకవాసి జరిగినను ముఖమొకచోట, బుగ్గల ఎరుపొకచోట! ఆయన ప్రతిభ యంతయు ఈ పొదుపులోనే యున్నదని నా తలంపు; రంగులు కుమ్మరించిన నాటి పుస్తకములు పెక్కులు కంటికి బరువు.

1878లో ఇవాన్స్ ముద్రణమున రాండాల్ఫ్ కాల్డికాట్ బొమ్మలతో కూపర్ కవి జాన్ గిల్పిన్ కథ వెలువడెను. మరుసటి యేట, తన పద్యములకు తానే బొమ్మలు గీసిన కేట్ గ్రీనవే గ్రంథము 'అండర్ ది విండో' ఆరు షిల్లింగుల వెలతో వచ్చెను. ఇవాన్స్ 20,000 ప్రతులు వేయగా ప్రకాశకుడు నవ్వెనట. పునర్ముద్రణము ముగియకమునుపే అవి చెల్లిపోయెను.

శతాబ్దాంతమున ఫొటో సాయమున తయారగు లోహపు అచ్చులు కొయ్యను తోసివేసెను. ఇవాన్స్ 1905లో గతించెను. ముఖపత్రములపై చెక్కినవాడుగ, ముద్రించినవాడుగ ఆయన పేరు కానవచ్చును. ఆయన కార్ఖానాలో ఉలిపట్టిన పనివారి పేర్లు మాత్రము అచట లేవు.