ఆయుధపూజ నాడు తూటాల లెక్క

కాణిపాకంలో మా ఇంట ఆయుధపూజ నాడు తుపాకీకి బొట్టు పెడతాం. తూటాలకు మాత్రం పెట్టనివ్వను. తడి పసుపు, నూనె చెయ్యి వాటికి పడవు. తూటా అడుగున ఇత్తడి నడుమ చిన్న గుండీలాంటి క్యాప్ ఉంటుంది. దాని అంచులోంచి నూనె దిగితే మంట పుట్టకపోవచ్చు.

పట్టాళం నుంచి వచ్చాక బ్యాంకులో గన్‌మన్‌గా చేరాను. నాది ట్వెల్వ్ బోర్ డబుల్ బ్యారెల్. పెట్టెలోవి కొత్తవని దాచి, బెల్టులోవే ఏళ్ల తరబడి మోసేవాణ్ణి. 2021 నవంబరులో మా జిల్లాను వానలు ముంచెత్తాయి. ఆ నెల తోలు బెల్టు ఆరిందే లేదు. తర్వాత ఫైరింగ్ ప్రాక్టీసులో ట్రిగ్గర్ నొక్కితే ‘టక్’ మంది, అంతే. ఆలస్యంగా పేలేవీ ఉంటాయి కాబట్టి గొట్టం గురివైపే ఉంచి అర నిమిషం ఆగి విప్పాను. బెల్టులో మిగతావి చూస్తే ఇత్తడికి పచ్చటి చిలుము. తోలులో ఉండే పులుపు, చెమట కలిస్తే ఇత్తడిని తినేస్తాయి. అదే క్యాష్ బండి దగ్గరైతే? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అప్పట్నుంచి దసరాకు, ఈశాన్య వానలు ముదరకముందే, బెల్టు ఖాళీ చేస్తాను. మోసినవి ప్రాక్టీసుకు, పెట్టెలో పాతవి బెల్టుకు. ప్రతి పెట్టెపైనా కొన్న నెల, ఏడు రాసుంటాయి. గొట్టాన్ని బట్ నుంచి విడదీసి తూటాను అందులో జారవిడుస్తాను. తన బరువుకే దిగాలి, తిరగేస్తే బయటికి జారాలి. తేమకు ఉబ్బినది బిగుసుకుంటుంది. డ్యూటీ అయ్యాక తూటాలు బెల్టులో ఉండవు. రబ్బరు అంచున్న డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో బీరువాలో ఉంటాయి. తుపాకీకి వేరే తాళం. రేకుల కింది అటక మీద ఎప్పుడూ పెట్టను, మే నెల ఎండకు లోపలి మందు చెడుతుంది.

అడవిపందుల కోసం లైసెన్సు తుపాకీ ఉంచుకున్న రైతులకూ ఇదే చెబుతుంటాను. 2019 సవరణతో లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లయింది. రెన్యువల్ దాకా డబ్బా మూత తియ్యకపోతే ఐదు వానాకాలాలు దాటిపోతాయి. చెడినవాటిని విప్పకండి, కాల్చకండి, చెత్తలో వెయ్యకండి. స్టేషన్‌లో అడిగి అప్పగించి, లెక్క రాయించుకోండి.

ఈ దసరాకు బెల్టులోంచి పది దిగాయి. ఎనిమిది గొట్టంలో సాఫీగా జారాయి. బిగిసిన రెండింటినీ విడిగా డబ్బాలో పెట్టి తాళం వేశాను, సోమవారం స్టేషన్‌కు పట్టుకెళ్లాలి.